ఎర్రమలలో ఎక్కదగిన సున్నపురాయి కోసం: ఒక అన్వేషణ డైరీ

2023 అక్టోబరు 8, హైదరాబాదు

పదకొండేళ్లుగా నా వేళ్లకు తెలిసింది గ్రానైటు ఒక్కటే. భువనగిరి కొండ నున్నటి వీపు మీద మొదటి పాఠం నేర్చుకున్నాను: పట్టుకోవడానికి ఏమీ లేని చోట అరికాలిని నమ్మాలి. ఆ రాయి మీద చేతులకు పని తక్కువ, కాళ్లకు ఎక్కువ. సున్నపురాయి స్వభావం వేరు. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పల్చటి ఆమ్లంగా మారి ఆ రాతిని వేల ఏళ్లపాటు కరిగిస్తుంది. కరిగిన చోట గుంతలు, రెండు వేళ్లు దూరే బొక్కలు, పదునైన అంచులు మిగులుతాయి. అలాంటి గోడను తడిమి చదువుకుంటూ ఎక్కాలి.

మన నేల మీద ఆ రాయికి కరవు లేదు. మా అమ్మమ్మ ఇంట్లో నేల మీద పరిచిన నాపరాళ్లు అవే. నంద్యాల, కడప జిల్లాల సిమెంటు కర్మాగారాలు దాని మీదే నడుస్తున్నాయి. బెలుం గుహలు దానిలోనే ఉన్నాయి. అయినా మా ముగ్గురిలో ఒక్కరం కూడా తెలుగు నేల మీద సున్నపురాతి గోడను తాడు కట్టుకొని ఎక్కలేదు. ఈ లోటు నన్ను చాలాకాలంగా పీడిస్తోంది. రాబోయే చలికాలంలో వెతకాలని నిశ్చయించుకున్నాం.

ముగ్గురం అంటే నేను, తమ్ముడు, వదిన. తమ్ముడు మాలో బలమైన క్లైంబర్, తాళ్లు, సామగ్రి బాధ్యత అతనిది. వదిన భూగర్భశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసింది, ఆమెకు ఎక్కడం మీద ఆసక్తి లేదు, రాయి మీద ఉంది. పటాలు, ఈ డైరీ నా వంతు.

ముందు బొర్రా గుహలున్న అనంతగిరి కొండలను అనుకున్నాం. అక్కడి సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి లోనై స్ఫటికంగా మారినది, అదీ ఇతర శిలల మధ్య అక్కడక్కడ చిక్కుకొని ఉంటుంది. పైగా దట్టమైన అడవి, తేమ. అందుకే నంద్యాలకు పడమరగా సాగే ఎర్రమల కొండలను ఎంచుకున్నాం.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి భూకోశ్ పోర్టల్‌లో శిలల పటం చూశాం. వదిన ఒక కాగితం మీద కర్నూలు శిలావర్గాన్ని పై నుంచి కిందికి రాసి గోడకు అంటించింది: నంద్యాల షేల్ (షేల్ అంటే బురద గట్టిపడిన రాయి), కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైట్, అవుకు షేల్, నర్జి సున్నపురాయి, బనగానపల్లె క్వార్ట్‌జైట్. ఆరింటికీ మన ఊళ్ల పేర్లే. ఆ కాగితం చూసినప్పుడల్లా బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు పిలుస్తున్నట్టు అనిపిస్తుంది.

కోయిలకుంట్ల సున్నపురాయి ఎక్కువగా కుందూ లోయలో, చదునైన పొలాల కింద ఉంది. పొలానికి గోడ ఉండదు కాబట్టి దాన్ని కొట్టేశాం. మిగిలింది నర్జి.

2023 నవంబరు 18, బనగానపల్లె

తెల్లవారుజామున దిగాం. ఉపగ్రహ చిత్రాల్లో నేను నెలరోజులుగా గుర్తు పెట్టుకున్న కొండఅంచులు కళ్లెదుట నిలబడి ఉన్నాయి: కొండ నెత్తిన కిరీటంలా నిటారైన గోడలు, కొన్నిచోట్ల ఐదంతస్తుల ఎత్తు, అడ్డంగా పగుళ్లు, మంచి నీడ. తమ్ముడు బ్యాగు దించకముందే గోడ మీద ఎక్కదగిన దారులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

రాళ్లగుట్టలు, ముళ్లపొదలు దాటి గోడ పాదానికి చేరడానికి గంటన్నర పట్టింది. వదిన చిన్న సీసా తీసింది. పల్చన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పదో వంతు. సుత్తితో రాతి కొస విరిచి, తాజా ముఖం మీద రెండు చుక్కలు వేసింది. సున్నపురాయి అయితే సోడా పోసినట్టు బుసబుస పొంగాలి. ఏమీ లేదు. రాతిని గోరుతో గీసింది, కత్తితో గీసింది. కత్తి మొన అరిగింది, రాతికి గీత పడలేదు.

"ఇది క్వార్ట్‌జైట్. ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. పాణ్యం క్వార్ట్‌జైట్ అని నేను కాగితం మీద రాసింది దీన్నే," అంది వదిన.

అక్కడే నీడలో కూర్చుని ఆమె విడమరచి చెప్పింది. కొండ నెత్తిన గట్టి క్వార్ట్‌జైట్ పలక. దాని కింద మెత్తటి అవుకు షేల్. అది తేలికగా కొట్టుకుపోతుంది కాబట్టి కొండకు మట్టి వాలు అవుతుంది. ఆ షేల్ కింద, మనం బస్సు దిగి నడిచి వచ్చిన పల్లంలో, నర్జి సున్నపురాయి. కింద ఆసరా కొట్టుకుపోయిన కొద్దీ పైపలక విరిగి పడి నిటారు గోడ అవుతుంది. అంటే మేము దూరం నుంచి చూసి మురిసిన ఎత్తైన గోడలన్నీ వెతుకుతున్న రాయి కావు. వెతుకుతున్న రాతిని తొక్కుకుంటూ వచ్చాం.

కొండ పేరు నా మనసులో మెదిలింది. ఎర్రమల అంటే ఎర్రటి కొండ. నర్జి సున్నపురాయి నీలం కలిసిన బూడిద రంగు. పేరు పెట్టిన పూర్వీకులు పైనున్న రాయిని చూసి పెట్టారు; నేను కూడా పైనున్న రాయినే చూశాను.

తిరుగుదారిలో మేకలు తోలుకొస్తున్న ఒక తాత మా సుత్తి చూసి ఆగాడు. "వజ్రాల కోసమా నాయనా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతుక్కునే నేల ఇది. బనగానపల్లె క్వార్ట్‌జైట్ అడుగున ఉండే గులకరాళ్ల పొరలో వజ్రాలు దొరికిన చరిత్ర ఉంది. ఎక్కడానికి గోడ వెతుకుతున్నామని చెబితే తాత కాసేపు ఆలోచించి, "గోడలు పైన కాదు, వంకల్లో ఉంటాయి," అన్నాడు.

ఆ మాటను ఈ రాత్రి లాడ్జీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. వంక తెలుసుగా, వాన వచ్చినప్పుడు పారే చిన్న ఏరు. పైపలకనూ షేల్‌నూ కోసుకుంటూ వంక కిందికి దిగిన చోట మాత్రమే సున్నపురాయి నిటారుగా బయటపడుతుంది. ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు చెట్ల నీడ కింద సన్నని గీత.

2023 డిసెంబరు 9, బేతంచెర్ల

గుంటూరు–గుంతకల్లు మార్గంలో రైలు దిగి నేరుగా నాపరాళ్ల గనుల వైపు నడిచాం. ఊరి చుట్టూ పేర్చిన పలకల దొంతరలు, తెల్లటి దుమ్ము, కోత యంత్రాల మోత. వదలివేసిన ఒక గని అంచున పది మీటర్ల నిలువు గోడ కనబడింది. అటువంటివి వాడుకోవచ్చునేమో అని నా ఆలోచన.

అక్కడ పలకలు తీసే ఒక పెద్దాయన మాకు గంటసేపు పాఠం చెప్పాడు. ఈ డైరీలో ఇప్పటిదాకా రాసిన దానికంటే అది విలువైనది. ఆయన గడ్డపార మొనను పొర సందులో పెట్టి, రెండు దెబ్బలు వేసి, తలుపంత పలకను చీలిక లేకుండా లేపాడు. "ఈ రాయి పుస్తకం లాంటిది నాయనా. కాగితాలు సన్నగా ఉన్నచోట మేము బతుకుతాం. కాగితాలు అంటుకుపోయిన చోట మాకు పని లేదు," అన్నాడు.

ఆయనకు పని లేని చోటే మాకు పని ఉంది. పలకలుగా చీలే రాయి ఇంటి నేలకు వరం, ఎక్కేవాళ్లకు ప్రమాదం: పట్టుకున్న అంచు పుస్తకంలో కాగితంలా చేతికి వస్తుంది. అంటే గనులు తవ్విన చోటు వదిలి, గనివాళ్లు వదిలేసిన చోటు వెతకాలి. సుత్తితో తట్టి రాయిని వినడం కూడా ఆయనే నేర్పించాడు. ఖంగుమని మోగితే లోపల ఒకే ముద్ద. మొద్దుగా, డొల్లగా పలికితే వెనకాల సందు ఉంది. మేమూ గ్రానైటు మీద పెచ్చులను తట్టి చూసేవాళ్లమే, కానీ ఆయన చెవి సూక్ష్మం: పలుకు ఎక్కడ మారుతుందో సుద్దతో గీసి, చీలిక ఎంత దూరం పోతుందో ముందే చూపించాడు.

గని గోడను వద్దనుకున్నాం. తవ్విన ముఖం నిన్నమొన్నటిది. వాన దాన్ని ఇంకా కడగలేదు, వదులు రాళ్లు ఇంకా రాలలేదు. పైగా యజమాని ఎప్పుడైనా మళ్లీ తవ్వకం మొదలుపెట్టవచ్చు.

2023 డిసెంబరు 10, బిలస్వర్గం

బేతంచెర్లకు దగ్గర్లో బిలస్వర్గం గుహలు ఉన్నాయని చిన్నప్పటి నుంచి విన్నాను. ఇంగ్లీషు గ్రంథాల్లో దీన్ని బిల్లసుర్గం అంటారు. ఈ రోజు ముగ్గురం చూశాం.

గుహ అనగానే చీకటి బిలం అనుకుంటాం. ఇది అలా కాదు. ఒకప్పుడు నేల కింద ఉన్న సొరంగాల పైకప్పు చాలా మేరకు కూలిపోయింది. ఇప్పుడు ఆకాశానికి తెరచుకున్న ఇరుకు లోయలు, వాటి పక్కల నిటారు గోడలు, కూలకుండా మిగిలిన చోట రాతి కమాను. లోపల అడుగు పెట్టగానే చల్లదనం. పైన మర్రి, రావి వేళ్లు రాతి సందుల్లోంచి జడల్లా వేలాడుతున్నాయి. గోడ నిండా నీరు చెక్కిన గుంతలు, నునుపైన ఒంపులు. నాపరాయిలా చీలే పొరలు ఇక్కడ తక్కువ. మందమైన పట్టీలు ఒకదాని మీద ఒకటి అంటుకొని నిలిచాయి. తమ్ముడు ఒక గోడ ముందు నిలబడి చేతులు గాలిలో కదుపుతూ దారి ఊహించుకుంటున్నాడు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఈ ప్రాంతంలో నేను చూసిన అత్యంత అందమైన గోడ ఇదే.

దీన్ని మేము ఎక్కము.

కారణం రాసి ఉంచుతాను, మళ్లీ మనసు మారకుండా. ఇక్కడ ఎముకలు ఉన్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లో రాశాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి మన దేశపు ప్రాచీన శిలాయుగాన్ని వెలికితీసిన ఫుట్ ఆయనే. ఈ గుహల్లో ఖడ్గమృగంతో సహా ఇప్పుడు ఈ చుట్టుపక్కల కానరాని జంతువుల అవశేషాలు బయటపడ్డాయి. 2000 తర్వాత కూడా పరిశోధకులు వచ్చి తవ్వారు. గుహ అడుగున, గోడ పాదాన పొరలుపొరలుగా పేరుకున్న మట్టే ఇక్కడి నిధి. ఎక్కేవాళ్లు వస్తే ముందు పాదాల కింద నేల చదును అవుతుంది, ఆ తర్వాత వంట పొయ్యి, ఆ తర్వాత పై నుంచి దొర్లించిన రాళ్లు. ఒక చలికాలం చాలు, ఎన్నో వేల ఏళ్ల మట్టి కలగాపులగం కావడానికి.

వదిన ఒక సంగతి ప్రత్యేకంగా రాయమంది. ఆ ఎముకలు సున్నపురాతిలోవి కావు, చాలా తర్వాత గుహలో చేరిన మట్టిలోవి. రాయి అంతకంటే ఎంతో పాతది. శంఖాలు, గవ్వలు పుట్టకముందటి సముద్రం అడుగున పేరుకున్నది. ఎంత వెతికినా ఇందులో ఒక్క గవ్వ కనబడదు.

తమ్ముడు దారి పొడవునా మాట్లాడలేదు. రైలెక్కాక, "అలాంటి రాయి ఇంకెక్కడో ఉండే ఉంటుంది," అన్నాడు. ఉంటుంది. ఒకే రాయి ఒకేచోట మాత్రమే కరగదు.

యాగంటి సంగతి కూడా ఇక్కడే రాస్తాను. ఆ క్షేత్రం చుట్టూ ఉన్న కొండగోడలు, అగస్త్యుడి గుహ చూసినవారెవరికైనా ఎక్కాలనిపించవచ్చు. అవి ఉమామహేశ్వరుడి కొండలు. అక్కడ చెప్పులతో నడవడానికే సంకోచించే జనం మధ్య తాళ్లు వేలాడదీయడం తగదు. ఆ కొండను మా పటంలో గుర్తు పెట్టలేదు.

2024 జనవరి 7, వంకల్లో

రెండు రోజులు, తొమ్మిది వంకలు. పద్ధతి ఇప్పుడు కుదిరింది. 1:50,000 సర్వే పటాల మీద ఎత్తు గీతలు 20 మీటర్లకు ఒకటి ఉంటాయి. అంటే 15 మీటర్ల గోడ రెండు గీతల మధ్య పూర్తిగా దాక్కోగలదు. అందుకే గోడల కోసం పటం చూడడం మానేశాను. షేల్ ముగిసి నర్జి మొదలయ్యే సరిహద్దును వంక ఎక్కడ కోస్తోందో అక్కడ చుక్క పెడతాను. ఆ చుక్క దగ్గర దిగి వంక వెంబడి కింది నుంచి పైకి నడుస్తాం.

బెలుం వైపు వెళ్లకపోవడానికి కారణం కూడా ఇదే. కొలిమిగుండ్ల మండలంలోని ఆ గుహలు 3,229 మీటర్ల పొడవున్నా, ప్రవేశం చదునైన నేలలో దిగుడుబావిలా ఉంటుంది. రాయి కరిగింది నేల కింద. గుహ ఉన్నంత మాత్రాన బయట గోడ ఉండదు.

గోడలకు అంకెలు ఇచ్చాను. మొదటిది ఏడు మీటర్లే, పలకలుగా చీలుతోంది. రెండోది తుప్పల్లో మునిగి ఉంది. మూడోది బాగుంది, ముందుకు వంగిన నుదురు కింద నాలుగు కొండతేనె పట్టులు వేలాడుతున్నాయి. పెద్ద తేనెటీగలు గోడను తమదిగా చేసుకున్నాయి, మేము నిశ్శబ్దంగా వెనక్కి నడిచాం. నాలుగోది డొల్ల. ఐదోది ఒక కుటుంబం పూజించే గుండం మీద ఉంది.

ఒక చెలమ దగ్గర ఆ మేకల తాత మళ్లీ కలిశాడు. ఈసారి ఆయనే గుర్తుపట్టి పిలిచాడు. మా పటం మీద వేలు పెట్టమంటే నవ్వి, పటం పక్కన పెట్టి, నేల మీద కర్రతో గీశాడు. మూడు వంకలు కలిసే చోటు, దాని మీద ఒక మలుపు. "అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం కూడా మేకలకు నీడ ఉంటుంది," అన్నాడు.

మధ్యాహ్నం నీడ ఉందంటే గోడ ఎండకు చాటుగా ఉంది. ఎత్తుగా ఉంది. ఇంతకంటే స్పష్టమైన సర్వే నాకు ఎవరూ ఇవ్వలేదు.

2024 జనవరి 27, ఏడో గోడ

చోటు పేరు రాయను. ఊరివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తాను.

పొడవు అరవై అడుగులు వేసి కొలిచాం, ఎత్తు తాడుతో కొలిస్తే 14 మీటర్లు. అడుగున రెండు మీటర్లు సన్నపొరలు. దాని మీద మూడు మందమైన పట్టీలు, ఒక్కొక్కటి మనిషి ఎత్తును మించినది. పట్టీల్లో గుంతలు. పైభాగంలో మళ్లీ పలకలు. ఆమ్లం చుక్క వేస్తే వెంటనే పొంగింది. సుత్తి వేస్తే మధ్య పట్టీలు గుడిగంటలా మోగాయి. తమ్ముడి ముఖం చూశాక నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గోడకు రంధ్రం వేసి, తాడు తగిలించడానికి బిగించే లోహపు బోల్టుల ఆలోచన ఇంకా లేదు. టాప్ రోప్ పద్ధతి: పైన లంగరు వేసి, తాడు దాని గుండా కిందికి వదిలి, ఒక కొస ఎక్కేవారికి, మరో కొస కింద నిలబడి తాడు బిగించేవారికి. పైన ఒక పాత రావిచెట్టు మొదలు, దానికి ఎనిమిది మీటర్ల దూరంలో కదలని పెద్ద బండ. రెండింటికీ వేర్వేరుగా సాగని తాడు కట్టి, కొండ అంచు మీద తాడు అరగకుండా గోనెపట్టాలు నాలుగు మడతలు వేశాం. ఒక్క ఆధారాన్ని నమ్మకూడదు. చెట్టు ఎంత పెద్దదైనా దాని వేళ్లు రాతి సందులో ఎంత లోతున ఉన్నాయో పై నుంచి తెలియదు.

మొదట తమ్ముడు ఎక్కాడు. నేను తాడు పట్టాను. ఐదు మీటర్ల దగ్గర, పట్టీ కింది అంచును రెండు చేతులతో లాగగానే రొట్టెల పీటంత పలక ఊడి వచ్చింది. అతను తాడు మీద వేలాడాడు, దెబ్బ తగలలేదు. పలక నాకు గజం దూరంలో నేల మీద పడి మూడు ముక్కలైంది.

తప్పు ఎక్కడ జరిగిందో రాస్తాను. ఆ పట్టీని మేము మధ్యలో మాత్రమే తట్టి చూశాం, అంచును తట్టలేదు. పొర విడిపోయేది అంచు దగ్గరే. గనిలో పెద్దాయన చూపించింది కూడా అదే. రెండో తప్పు నాది: నేను సరిగ్గా ఎక్కేవాడి కింద నిలబడ్డాను. గ్రానైటు మీద రాయి ఊడదన్న అలవాటు కాళ్లలో మిగిలిపోయింది. ఈ సాయంత్రమే గోడ పాదం నుంచి నాలుగు అడుగులు పక్కకు, ఒక రాతి వరుస పేర్చి, తాడు పట్టేవారు దాని అవతలే నిలబడాలని నిర్ణయించాం. హెల్మెట్టు లేకుండా ఆ వరుస లోపలికి ఎవరూ రారు, నీళ్ల సీసా మరచిపోయినా సరే.

2024 ఫిబ్రవరి 18

రెండు రోజులూ శుభ్రం చేయడానికే సరిపోయాయి. ఇది ఎవరూ ఫొటో తీయని పని, అయినా గోడను గోడగా చేసేది ఇదే. పై నుంచి తాడు మీద దిగుతూ, చిన్న గడ్డపారతో ప్రతి అంచునూ మెల్లగా తట్టి, డొల్లగా పలికినదాన్ని లేపి, కింద ఎవరూ లేరని కేకవేసి అడిగి, జవాబు విన్నాక వదలడం. రెండు దారులకు మొత్తం ముప్పైకి పైగా పలకలు దించాం. తర్వాత గట్టి బ్రష్షుతో, చేత్తో పట్టుకునే గుంతల్లోని మట్టి, ఎండిన నాచు. తీగెకుంచె వాడలేదు; సున్నపురాయి మెత్తన, ఇనుప తీగెలు దాన్ని గీరి నునుపు చేస్తాయి.

నీరు ఊరే నల్లటి చారకు ఇరువైపులా చిన్న ఫెర్ను మొక్కలు ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. ఆ చార మీద దారి వేయం.

గోడ ఎడమ భాగంలో ఎత్తున ఒక అరలో తెల్లటి రెట్టల మరకలు, కింద ఎలుకల ఎముకలతో నిండిన ఉండలు కనబడ్డాయి. సాయంత్రం చీకటిపడే వేళ కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ ఆ అర నుంచి లేచింది. కొమ్ము గుడ్లగూబ గూడు పెట్టే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మేము ఎక్కగలిగే కాలం కూడా సరిగ్గా అదే, ఎందుకంటే మేలో ఈ రాయి మీద చెయ్యి పెట్టలేం. కాబట్టి ఎడమ సగం గుడ్లగూబది. పటంలో అడ్డగీత గీశాను. తమ్ముడు ఆ సగంలో ఉన్న పగులును, ఈ గోడ మీద అన్నింటికంటే మంచి దారిని, ఒక్కసారి చూసి తాడు చుట్టుకున్నాడు.

2024 మార్చి 10, వంకలో బండ మీద

బోల్టుల ప్రశ్నను గోడ మీద కాకుండా వంకలో పడి ఉన్న బండ మీద తేల్చాలనుకున్నాం. ఆ బండ అదే మధ్య పట్టీ నుంచి ఎప్పుడో విరిగి పడింది.

మొదట 10 మిల్లీమీటర్ల ఎక్స్‌పాన్షన్ బోల్టు. రంధ్రంలో పెట్టి బిగించినప్పుడు దాని చివర వెడల్పై రాతిని పక్కలకు నెడుతుంది. ఆ ఒత్తిడే పట్టు. గ్రానైటులో దీనికి తిరుగులేదు. ఇక్కడ పొర గీతకు జానెడు లోపు దూరంలో వేసి బిగించగానే వెంట్రుకంత పగులు గీత వెంబడి పాకింది. గడ్డపారతో లేపినట్టే. గనిలో పెద్దాయన పొరను చీల్చిన పద్ధతి, బోల్టు రాతిని నెట్టే పద్ధతి ఒక్కటేనని అప్పుడు కళ్లకు కట్టింది.

రెండోది జిగురుతో నిలిపే బోల్టు. 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు. ఇది రాతిని నెట్టదు, రంధ్రం పొడవునా అంటుకొని నిలుస్తుంది. దుమ్ము మిగిలితే జిగురు రాతికి కాక దుమ్ముకు అంటుకుంటుంది కాబట్టి ఊదడం, బ్రష్షుతో తోమడం, మళ్లీ ఊదడం నాలుగుసార్లు చేశాం. ఎండకు జిగురు త్వరగా బిగుసుకుంటుంది. ఉదయం ఏడు లోపు పని ముగించాలని తెలిసింది. మరుసటి రోజు చైన్ పుల్లీ తగిలించి లాగాం. బండ కదిలింది, బోల్టు కదల్లేదు.

అయినా ఒక్క బండ, ఒక్క బోల్టు, ఒక్క రోజు సరిపోవు. థాయిలాండులోని క్రాబీ సముద్రతీరపు సున్నపురాతి గోడల మీద స్టెయిన్‌లెస్ బోల్టులు పైకి బాగున్నట్టే కనబడి లోపల పగిలి, చివరికి అక్కడ టైటానియం బోల్టులకు మారాల్సి వచ్చింది. మన చోటికి సముద్రపు ఉప్పు లేదు కానీ, ఆ కథ మాకు నేర్పింది లోహాన్ని కంటితో తీర్పు చెప్పవద్దని. ఈ బోల్టును వర్షాకాలం మొత్తం వంకలోనే ఉంచుతున్నాం. నీళ్లు దాని మీదుగా పారాలి.

సాయంత్రం ఊరి రచ్చబండ దగ్గర పెద్దలతో కూర్చున్నాం. వాళ్లు అడిగినవి మూడు: వంకలోని చెలమను మురికి చేయకూడదు, మేకలు నీడకు వచ్చే వేళ గోడ పాదం వదలాలి, వచ్చినప్పుడల్లా ఊళ్లో చెప్పి వెళ్లాలి. మూడూ రాసి సంతకం పెట్టాం. ఆ నేల హక్కు ఎవరిదో రికార్డుల్లో చూసి, సంబంధిత కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. రాతపూర్వక అనుమతి చేతికి వచ్చేదాకా గోడకు ఒక్క రంధ్రం కూడా వేయం.

2024 నవంబరు 17, ఏడో గోడ

ఎనిమిది నెలల తర్వాత వచ్చాం. వంకలో బండ కొంచెం జరిగి, ఇసుకలో సగం కూరుకుపోయింది. తవ్వి తీశాం. బోల్టు చుట్టూ జిగురు అంచు చెక్కుచెదరలేదు. మళ్లీ చైన్ పుల్లీ వేసి లాగాం, నిలిచింది. వెంట్రుకంత పగులు మాత్రం, ఎక్స్‌పాన్షన్ బోల్టు వేసిన పక్క, ఇప్పుడు గోరు దూరేంత అయింది. ఆ మూల చేతితో తీస్తే వచ్చేసింది. దాన్ని హైదరాబాదు తీసుకెళ్తాను.

గోడ మీద వాన కొత్తగా మూడు పలకలు వదులు చేసింది, దించాం. నీటి చార మేము అనుకున్నదానికంటే అర మీటరు కుడికి పారింది, రెండో దారిని ఆ మేరకు జరిపాం. గుడ్లగూబ తన అరలోనే ఉంది. అనుమతి ఇంకా రాలేదు, అందుకే మళ్లీ టాప్ రోపే: పైన రావిచెట్టు, బండ, గోనెపట్టాలు.

ఈ రోజు నాలుగు దారులు పూర్తిగా ఎక్కాం. ఫ్రెంచి కొలతలో తేలికైనది 5బి, కష్టమైనది 6బి కావచ్చు. మరికొందరు ఎక్కి చెప్పేదాకా ఇవి పెన్సిలుతో రాసిన అంకెలు. నాకు ఎక్కువ నచ్చింది మూడోది. మధ్య పట్టీలో ఎడమచేతికి రెండు వేళ్ల గుంత, కుడిచేతికి బొటనవేలు ఒదిగే ఒంపు, కాలికి చిటికెనవేలంత అంచు. పదకొండేళ్ల గ్రానైటు నాకు ఆ గుంత లోపలి చల్లదనం చూపించలేదు.

నీడ తిరిగే ముందు వదిన హార్నెస్, తాడు తగిలించే నడుము పట్టీ, అడిగింది. ఇంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. తేలికైన దారి, తమ్ముడు తాడు పట్టాడు. తాత మేకలను కాస్త దూరంగా నిలిపి చూస్తున్నాడు. వదిన నిదానంగా, మేము తొక్కని చోట్ల కాలు పెడుతూ, సన్నపొరలు దాటి మొదటి పట్టీ మీదికి చేరింది. ఆ తర్వాత కదలలేదు. భయపడిందేమో అని తమ్ముడు పిలిచాడు.

"భయం కాదు. తాడు బిగించి పట్టుకో, కాసేపు ఉంటాను," అంది. రాతిలో అడ్డంగా రంపపు పళ్లలా సాగే సన్నటి నల్లగీత దగ్గర ముఖం పెట్టి చూస్తోంది. పై బరువు కింద రాయి తనలో తాను కరిగిన చోట మిగిలిన గీతలు అవి. కింది నుంచి చూసి వదిలేసినవే.

"నా సంచిలో భూతద్దం ఉంది. తాడుకు కట్టి పంపండి."

ఉన్న ఒక్క తాడు మీద ఆమే వేలాడుతోంది. తాత తన తలపాగా విప్పి, ఒక కొసకు భూతద్దం ముడి వేసి, మరో కొస కర్రకు చుట్టి పైకి అందించాడు.